సూది దగ్గర బేరం

1980లో విడుదలైన ‘శంకరాభరణం’ సినిమా పాటల ఎల్పీ కనిపిస్తే మనవాడు జేబు తడుముకోడు. అట్ట చిరగలేదు, గీత పడలేదు అంటే చాలు, అడిగినంత పోస్తాడు. దాన్ని వాయించే టర్న్‌టేబుల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడలేని పొదుపూ పుట్టుకొస్తుంది. ఏనుగును కొని అంకుశానికి పేచీ పెట్టడమంటే ఇదే.

సూట్‌కేసులా మూతపడే చిలకాకుపచ్చ ప్లేయర్ ఇంటికొస్తుంది. ముద్దుగానే ఉంటుంది లెండి. సూదిని పట్టి ఉంచే దాని సిరామిక్ కార్ట్రిడ్జ్‌తోనే తంటా. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ సుమారు 2 గ్రాముల బరువుతో గాడిలో నడుస్తుంటే, ఈ చవకరకాలు చాలావరకు 5, 6 గ్రాములు మోపుతాయి. ఆ బరువు తగ్గిద్దామంటే సూదిని మోసే చేతి వెనక తిప్పే దిమ్మే ఉండదు. ఇన్నేళ్ళూ ఎవరి బీరువాలోనో భద్రంగా ఉన్న కె.వి.మహదేవన్ బాణీల్ని మనవాడు ఎంత ఇష్టంగా వింటే, సూది అంత ఇష్టంగా గీకుతుంది.

పైగా బ్లూటూత్ ఉందని మురిపెం! గాడిలోని అనలాగ్ నాదాన్ని డిజిటల్ చేసి, గాల్లోకి వదిలి, అరచేతంత స్పీకర్లో పట్టుకుని, “ఆ వెచ్చదనమే వేరు బాబాయ్” అంటూ కళ్ళు మూస్తాడు. ఆమాత్రం పని ఫోనూ చేస్తుంది, సూది గుచ్చకుండా.

మధ్యలో పాట గెంతుతోందేమిటిరా అంటే దానికీ మందు కనిపెట్టాడు. సూది తలమీద రూపాయి బిళ్ళ అంటించాడు. టర్న్‌టేబుల్ మీద అతను మనసారా పెట్టిన అదనపు ఖర్చు అదొక్కటే.