ఎవరికీ చెప్పొద్దు!

ఓడను ముంచడానికి ఒక్క టార్పెడో చాలు. మునిగిన సంగతిని పైకి తేలకుండా తొక్కిపట్టడానికి మాత్రం ప్రభుత్వాలు కావాలి.

1944, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం. రెండువేల రెండువందల పైచిలుకు అమెరికా సైనికులతో బెల్జియం ఓడ లియోపోల్డ్‌విల్ ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకు వస్తోంది. షెర్బూర్ రేవు ఇంకా ఐదారు మైళ్ళుందనగా జర్మన్ జలాంతర్గామి యు-486 దాన్ని కొట్టింది. శత్రువు కదా, వాడి పని వాడు చేసుకుపోయాడు. ఇక మిత్రరాజ్యాల పనితనం చూడండి.

పాపం, ఆ ఓడ గభాలున మునగలేదు. రెండు గంటలకు పైగా గడువిచ్చింది. ఆ గడువులో జరిగినవి ఇవీ: కాపలాగా వచ్చిన బ్రిటిష్ యుద్ధనౌక బ్రిలియంట్‌కు కళ్ళెదుటి షెర్బూర్‌తో నేరుగా మాట్లాడే దారి లేదు. కబురు ఇంగ్లండు వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ షెర్బూర్‌కు రావాలి. ఎదురింటివాణ్ణి పిలవడానికి పొరుగూరికి మనిషిని పంపినట్టు! వచ్చిన కబురు అందుకోవాల్సిన రేవేమో పండగ సంబరంలో ఉంది. ఓడలో హెచ్చరికలు ఫ్లెమిష్ భాషలో చెప్పారు. విన్న కుర్రాళ్ళకు వచ్చింది ఇంగ్లీషు. సిబ్బందిలో చాలామంది లైఫ్‌బోట్లు దించుకుని వెళ్ళిపోతుంటే, మనవాళ్ళు పడవలు సిద్ధం చేస్తున్నారు కాబోలనుకుని సైనికులు డెక్కు మీద బుద్ధిగా నిలబడ్డారు. బ్రిలియంట్ పక్కకు ఆనుకుని నిలిస్తే దాని మీదికి దూకారు. అలల మీద రెండు ఓడలూ ఎగిరెగిరి పడుతున్నాయి. గురి తప్పినవాళ్ళు వాటి మధ్య నలిగిపోయారు.

సుమారు 763 మంది సైనికులు పోయారు. పేలుడుతో పోయినవాళ్ళు సుమారు మూడు వందలంటారు. మిగిలినవాళ్ళను చంపింది డిసెంబరు నీళ్ళూ, అంతకంటే చల్లటి ఏర్పాట్లూ.

ఆ రాత్రి చురుగ్గా జరగనిదంతా ఆ తర్వాత చురుగ్గా జరిగింది. బతికి బయటపడ్డవాళ్ళకు ఆజ్ఞ: ఎవరికీ చెప్పొద్దు. ఇళ్ళకు టెలిగ్రాములు: మీవాడు యుద్ధంలో కనిపించకుండా పోయాడు. ఎక్కడ, ఎలా అని అడగకూడదు. యుద్ధ రహస్యం, శత్రువు చెవిన పడకూడదు! టార్పెడో వేసినవాడికే తెలియని రహస్యమా అది? పోనీ, వాడి భయమనుకుందాం. 1945 ఏప్రిల్‌లో ఆ యు-486ను కూడా బ్రిటిష్ జలాంతర్గామి ముంచేసింది, లోపలున్న వాళ్ళంతా పోయారు. మేలో జర్మనీయే లొంగిపోయింది. అయినా రహస్యం రహస్యంగానే ఉంది.

మరి ఎవరికి తెలియకూడదని దాచినట్టు? టెలిగ్రాము పట్టుకు కూర్చున్న తల్లికి.

బ్రిటిష్ ఫైళ్ళు 1996లో గానీ తెరుచుకోలేదు. అప్పటికి నిలదీసి అడగాల్సిన తల్లిదండ్రుల్లో ఎంతమంది మిగిలి ఉంటారు? ఆ యుద్ధంలో ఎక్కడా తడబడకుండా, చెప్పిన పని చెప్పినట్టు నెరవేర్చింది ఆ ఫైలొక్కటే.