మహానంది కోనేరూ, మా బావ వెబ్ ఆప్షన్లూ

మావాణ్ణి ఐదేళ్ల కిందట పేరులో 'ఇంటర్నేషనల్' ఉన్న ఒక కాలేజీలో చేర్పించాను. రంగుల బ్రోచర్లో ఈతకొలను ఉండింది. తీరా పోయి చూస్తే గుంత ఉంది, నీళ్లు వానాకాలం వస్తాయన్నారు. ఇంటర్నేషనల్ ఎక్కడుందని అడిగితే, రెండో సంవత్సరంలో నేపాల్ పిల్లోడొకడు ఉన్నాడని పిలిపించి చూపించారు. అంత డబ్బు పోసి కొన్న అనుభవం వృథా కాకూడదని కాబోలు, చుట్టాల్లో ఎవరి పిల్లలు ఇంటర్ గట్టెక్కినా నన్నే సలహా అడుగుతారు.

ఈసారి పిలుపు ఆళ్లగడ్డ నుంచి. మేనల్లుడు బైపీసీ. నీట్‌లో డాక్టరు సీటు అందలేదు గానీ, ఈఏపీసెట్ ర్యాంకు బాగానే వచ్చింది, ఏ కాలేజీకి వెబ్ ఆప్షన్ పెట్టాలో తేల్చాలి. నంద్యాలలో బస్సెక్కి పోయేసరికి అక్కావాళ్ల వసారాలో సభ జరుగుతోంది. మంచం మీద బావ, ఆయన చుట్టూ బ్రోచర్ల కుప్ప.

"మహానందికి పంపియ్ బావా," అన్నాను.

"యాల, గుండు కొట్టిచ్చుకోనీకా?"

"వ్యవసాయ కాలేజీ ఉంది. 1991లో పెట్టినారు. రంగా యూనివర్సిటీది. నాలుగేండ్ల బీయస్సీ. రైతు బిడ్డలకు కోటా గూడా ఉంది."

"మహానందికి కోనేట్లో మునగనీకి పోతారు గానీ, సదవనీకి ఎవురన్నా పోతారా?"

సభ నవ్వింది. అక్క కూడా నవ్వింది, అదే బాధ. మావాళ్ల దృష్టిలో మంచి కాలేజీ అంటే రాత్రంతా బస్సులో కూర్చుంటే గానీ రాకూడదు. పొద్దున పోయి సాయంత్రం రాగలిగితే అది బడి కిందే లెక్క.

ఇంతలో అన్నానికి లేవమన్నారు. కంచంలో నంద్యాల సోనా. ఈ బియ్యం సంగతే చూడండి. అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్ల. 1945 నుంచి వ్యవసాయ కాలేజీ ఉన్న ఊరు. 1986లో విడుదలైన ఈ వరి పుట్టింది అక్కడ, పేరు సంపాదించింది మా కేసీ కాలువ కింద. అంటే బియ్యం చదువుకునే ఊరు ఒకటి, ఉద్యోగం చేసే ఊరు ఒకటి. అయినా దాన్ని ఏ కాలేజీలో చదివావని ఎవరూ అడగరు, రెండోసారి వడ్డించుకుంటారు.

"మీ నల్లరేగడిలో ఏం శనగ యేస్తివి బావా?"

"ధీర. మిషన్ కోతకు వస్తాది."

దొరికాడు. మామూలు శనగ మొక్క పొట్టిగా నేలకు అంటుకుని ఉంటుంది, కాయ మిషన్‌కు అందదు. నిటారుగా పెరిగి, కాయలు పైకి కాసే రకాన్ని తయారు చేసింది నంద్యాల పరిశోధన స్థానం. అది 1906 నుంచి ఉంది. ధీర అసలు పేరు ఎన్‌బీఈజీ 47. ఆ 'ఎన్' నంద్యాలే. "నీ చేనుకు పనికొచ్చిన సదువు నీ కొడుక్కి పనికి రాదా?" అన్నాను. బావ పెరుగు కలుపుకున్నాడు. ఆయన ఓడినప్పుడల్లా పెరుగు కలుపుకుంటాడు.

సాయంత్రం రోడ్డు మీదికొచ్చాం. ఉలి చప్పుడు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన దేవుళ్లు అమెరికా గుళ్లలో కూడా పూజలందుకుంటున్నారు. బావకు తెలిసిన శిల్పి ఒకాయన వినాయకుడి తొండం నున్నన చేస్తూ, పదో తరగతి కొడుకుని కంప్యూటర్ ఇంజనీరు చేసి అమెరికా పంపాలని ఉందన్నాడు. తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప విద్యాసంస్థ 1960 నుంచి ఉంది, పది పాసైతే చేరొచ్చు. తమిళనాడు ప్రభుత్వం మహాబలిపురంలో 1957లోనే ఇలాంటి కాలేజీ పెట్టింది. ఇవన్నీ చెప్పాను. ఆయన చేతిలో ఉన్న వినాయకుడు వచ్చే నెల ఓడెక్కుతున్నాడట. రాయికి దొరికిన దారి ఇంట్లో ఉంది, పిల్లోడి దారి కోసం ఆయన కోచింగ్ సెంటర్ వెతుకుతున్నాడు.

బావకు ఒక తోడల్లుడున్నాడు, అన్నింటికీ దూరమే కావాలంటాడు. ఆయన కోసం చెప్పాను: డిగ్రీ అయినాక కాన్పూరులో జాతీయ చక్కెర సంస్థ ఉంది, 1936 నాటిది, చెరకు పండే మన ప్రాంతం పిల్లలకు బాగుంటుంది అని. మాట పూర్తి కాకముందే బావ అందుకున్నాడు: "ఇంట్లో నాకొక్కనికి షుగరుండేది సాలదా?"

కర్నూలు సిల్వర్ జూబ్లీ కాలేజీ పేరెత్తితే మాత్రం ఎవరూ నవ్వలేదు. 1972లో మెరిట్ పిల్లల కోసం పెట్టిన హాస్టల్ కాలేజీ అది. దాని గురించి మా తరానికి భయభక్తులున్నాయి. "ఇప్పటికీ ఉందా అది?" అన్నాడు తోడల్లుడు. ఉంది. హోర్డింగు లేదంతే.

మరుసటి ఆదివారం అక్క ఫోన్ చేసింది. బావ పొద్దున్నే మహానందికి పోయాడట, కోనేట్లో స్నానం చేసి దర్శనం చేసుకొస్తానని. మధ్యాహ్నం తిరిగొచ్చాడు. తువ్వాలు పొడిగా ఉంది, సంచిలో ప్రసాదం లేదు, జేబులో కాలేజీ హాస్టల్ ఫీజు రాసుకున్న చీటీ ఉంది.