సైనసైటిస్‌ను పదికాలాల పాటు పోషించుకోవడం ఎలా?

ముందుగా రోజులు లెక్కపెట్టడం మానేయాలి. చిట్టీ ఎన్నో నెల నడుస్తోందో, గ్యాస్ బండ ఎన్నాళ్లొచ్చిందో వేళ్ల మీద చెప్పగల ఇల్లాలు కూడా, జలుబు ఎప్పుడు మొదలైందని డాక్టర్ అడిగితే "చాలా రోజుల్నుంచేనండీ" అంటుంది. పక్కనున్న భర్త "చిన్నోడి పరీక్షలప్పట్నుంచీ" అని సాయం చేస్తాడు. డాక్టరుకు అన్నిటికన్నా ముందు కావలసింది ఆ లెక్కే. ముక్కుదిబ్బడ, బుగ్గల్లో బరువు, వాసన తెలియకపోవడం, గొంతులోకి జారే చిక్కటి కఫం... ఇవి వైరస్ వల్ల వచ్చినవైతే వారం పది రోజుల్లో తగ్గుముఖం పడతాయి. పది రోజులు దాటినా రవ్వంత తగ్గకపోతే, ఐదారు రోజులకు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడితే, లేదా మొదటి నుంచీ 102 డిగ్రీల జ్వరం, ముక్కులో చీము వరసగా మూడు నాలుగు రోజులు ఉంటే బ్యాక్టీరియా చేరిందేమోనని అనుమానిస్తారు. 12 వారాలు దాటిందా, ఇక అది దీర్ఘకాలిక సైనసైటిస్. లెక్క తప్పిస్తే చాలు, ఈ ప్రమోషన్ దానంతటదే వస్తుంది.

తర్వాతి మూడు నెలలు ఇంత ఓపిక పట్టగలిగే మనిషి, మొదటి మూడు రోజులు మాత్రం ఎక్కడలేని తొందర చూపాలి. తుమ్ములు మొదలైన రెండో సాయంత్రానికే మందుల షాపుకు వెళ్లి "అన్నా, సైనస్‌కి ఏదైనా ఇవ్వు" అనాలి. ఎన్ని రోజులైంది, షుగర్ ఉందా అని అక్కడెవరూ విసిగించరు. షాపతను యాంటీబయాటిక్ షీటులోంచి మూడు బిళ్లలు కత్తెరతో కత్తిరిస్తాడు. దానికి రెండు సిట్రజిన్‌లు కలిపి చిన్న కాగితం కవరులో వేసి, పైన పెన్నుతో "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని గీకుతాడు. గడువు తేదీ ఉన్న ముక్క మిగతా షీటుతోపాటు మళ్లీ డబ్బాలోకి పోతుంది. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని చెప్పడానికి షీటు మీద నిలువునా ఒక ఎర్రగీత ఉంటుంది. దాన్ని చూడనవసరం లేదు. కత్తెర ఎలాగూ దాని మీదుగానే వెళ్తుంది. రెండు బిళ్లలకే తేలికపడితే మూడోది దాచాలి, పక్కింటివాళ్లకు అక్కరకొస్తుంది.

జలుబు చేసిన వందమందిలో బ్యాక్టీరియా సైనసైటిస్ దాకా వెళ్లేది మహా అయితే ఇద్దరు. మిగతావాళ్ల ముక్కులో ఉన్నది వైరస్, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా మూడు రోజులకు తేలికపడుతుంది, ఎందుకంటే జలుబు అప్పటికి తగ్గే దారిలోనే ఉంటుంది. పేరు మాత్రం బిళ్లకొస్తుంది, మళ్లీసారి కాళ్లు అటే లాగుతాయి. చీమిడి పచ్చగా మారితే యాంటీబయాటిక్ తప్పదన్న నమ్మకమూ ఇలాంటిదే. ఆ పచ్చదనం వచ్చేది పోరాడుతున్న మన తెల్ల రక్తకణాల్లోని ఎంజైము నుంచి. మామూలు జలుబులోనూ అది కనిపిస్తుంది.

వెటకారం పక్కనపెడితే, జనం షాపుకు పోవడానికి కారణం బద్ధకమొక్కటే కాదు. ఈఎన్‌టీ డాక్టర్ ఉండేది పట్నంలో. వెళ్లిరావాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, ఫీజు, ఆపైన రాస్తే స్కాన్. ఇంతా చేసి వెళ్తే ఆయన "ఇది వైరస్సే, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి, పది రోజులు చూద్దాం" అన్నాడనుకోండి. ఏమీ రాయని డాక్టర్‌కు ఫీజు కట్టాలంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. మంచి వైద్యం చాలాసార్లు అలాగే ఉంటుందని తెలిసినవాళ్లకు కూడా.

తలనొప్పి ఏదైనా సరే సైనస్ ఖాతాలో రాసుకోవాలి. వెలుతురు పడకపోయినా, కడుపులో తిప్పినా, ఒకపక్కే పోట్లు పొడిచినా సైనసే. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, సైనస్ తలనొప్పి ఉందనుకుంటున్న 2,991 మందిని పరిశీలిస్తే 88 శాతం మందిలో మైగ్రేన్ తరహా లక్షణాలు బయటపడ్డాయి. అదంతా అమెరికావాళ్ల సంగతి. మనకు 1893లోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం ఇచ్చిపోయారు.

ముక్కులో వేసుకునే జైలోమెటజోలిన్ చుక్కలు ఐదు రోజులకు మించి వాడొద్దంటారు. నెలల తరబడి వాడాలి. అప్పుడు చుక్క పడితే తప్ప ముక్కు తెరుచుకోదు, సీసా దిండు కింద కాపురం పెడుతుంది.

ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నెను మంచం మీదే పెట్టుకోవాలి, చుట్టూ పిల్లలు ఆడుకుంటూ ఉండాలి. కాలిన గాయాల వార్డుకు అదే దగ్గరి దారి.

ముక్కు కడుక్కునే జలనేతికి కుళాయి నీళ్లు చాలు. కాచి చల్లార్చే ఓపిక ఎవరికుంది?

ఒకవైపు ముక్కులోంచే దుర్వాసన వస్తుంటే పై దవడలో పుచ్చిన పన్నును గుర్తు చేసుకోకూడదు. దాని వేళ్లు బుగ్గ సైనస్‌ను ఆనుకునే ఉంటాయన్న సంగతి డెంటిస్టు చూసుకుంటాడు, ఎప్పటికైనా వెళ్తే.

ఒక్కచోట మాత్రం ఈ హాస్యం చెల్లదు. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా నమోదు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి దానికి నోడల్ కేంద్రమైంది. కొవిడ్ సోకినవాళ్లలో, ముఖ్యంగా షుగర్ అదుపులో లేనివాళ్లలో, స్టెరాయిడ్లు వాడినవాళ్లలో ముక్కులో మొదలైన ఫంగస్ సైనస్‌ల గుండా కంటికీ, కొందరిలో మెదడుకూ పాకింది. ఒకవైపు బుగ్గ నొప్పి, మొద్దుబారడం, ముక్కులోనో అంగిట్లోనో నల్లటి మచ్చ... మొదట్లో కనిపించేవి ఇవే. ఇళ్లలో చాలామంది దీన్నీ సైనసే అనుకున్నారు. ఫంగస్ సంగతి అలా ఉంచినా, కంటి చుట్టూ వాపు, ఎరుపు, వస్తువులు రెండుగా కనిపించడం, నుదుటి మీద వాపు, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా సరే పెద్దాసుపత్రికే వెళ్లాలి. పిల్లలకు కన్ను వాస్తే తెల్లారేదాకా కూడా ఆగకూడదు.

ఇక, ఎలాగో డాక్టర్ గది దాకా చేరినవారికి. అప్పటిదాకా మింగిన మందుల పేర్లు చెప్పకూడదు. "తెల్ల బిళ్ల, గులాబీ బిళ్ల" అంటే ఆయనే కనుక్కుంటాడు. షుగర్ ఉన్నట్టు ఆఖర్న, తలుపు దగ్గర నిలబడి చెప్పాలి. ఎండోస్కోపీ అంటే ఎక్స్‌రేతో సరిపెట్టమని బేరమాడాలి. స్టెరాయిడ్ స్ప్రే రాస్తే రెండు రోజులు కొట్టి, పనిచేయలేదని మూలన పడేయాలి. దాని ఫలితం తెలియడానికి వారాలు పడుతుందని ఆయన చెబుతూనే ఉంటాడు, కానీ అప్పటికే టోకెన్ నంబర్ మారి, తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేసి ఉంటాడు.