గౌలిపుర చాయ్ సూత్రము (టీకా తాత్పర్య విశేష సహితము)

అవతారిక

ఆషాఢంలో పాతబస్తీ బోనాల ఆదివారం. గౌలిపురలో ఒకానొక గల్లీ. రాత్రి పది దాటింది. ఫలహారం బండి మలుపు దగ్గర కేబుల్ వైర్లలో చిక్కుకున్నది. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఊరుకున్నది. డప్పుల వాళ్ళు లాల్‌దర్వాజ వైపు ఎక్కడో ఉన్నారు. ఫోన్ ఎత్తరు, ఎత్తినా వినబడదు. వెనక ఇంకో గల్లీ బండి వచ్చి ఆగి, వాళ్ళ పోతరాజు మన బండి చుట్టూ కొరడా ఝళిపిస్తున్నాడు. ఎదుట సి.ఐ. గారు గడియారం చూసుకుంటున్నారు. ఇట్టి సంకట సమయమున కోశాధికారి పరుగున వచ్చి, “అన్నా, ఇజ్జత్ పోతది!” అని మొరవెట్టగా, ప్లాస్టిక్ కుర్చీలో ఆసీనుడైన కమిటీ అధ్యక్షుడు ఈ క్రింది సూత్రమును వచించెను.

మూలము

“అయితది తియ్ తమ్మీ. ముందుగాల చాయ్ తాగు.”

టీక

తమ్మీ = ఓ కోశాధికారీ (ఇతడు అధ్యక్షునికంటె వయసున పెద్ద; పదవిని బట్టి తమ్ముడు); అయితది = కాగలదు; తియ్ = ఇక ఆ మాట విడువుము; ముందుగాల = తక్కిన సకల కార్యములకంటె మునుపు; చాయ్ = పాలు, చక్కెర, అల్లము చేరి మరిగిన తేయాకు కషాయమును; తాగు = పానము చేయుము.

వ్యాకరణ విశేషములు

“తియ్” అనగా ఇచ్చట లాగుట కాదు. బండికి చుట్టుకొన్న వైరును లాగుమని గ్రహించి ఒక కార్యకర్త అప్పుడే చేయి చాచినాడు. పక్కవాడు పట్టి ఆపకున్నచో ఈ వ్యాఖ్యకు అవకాశమే లేకపోవును. కనుక దీనిని పాదపూరణముగానే గ్రహింపవలెను.

“అయితది” అన్న క్రియకు కర్త లేడు. ఎవరు చేస్తారు, ఎప్పుడు చేస్తారు అన్నవి రెండూ శ్రోతే ఊహించుకోవాలి. 1858లో బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఈ రూపాన్ని చూడలేదు. చూసి ఉంటే బహుళమని వదిలేసేవాడు. మన కాళిదాస వ్యాఖ్యాత మల్లినాథసూరి మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలాధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పూనినవాడు. ప్రస్తుత వ్యాఖ్యాత ఆ మొదటి సగం వరకే అనుసరిస్తున్నాడు.

పూర్వపక్షములు

“చాయ్‌లో కెఫీన్ ఉంటుంది, అది గుండె దడ పెంచుతుంది, దడతో వచ్చినవాడికి దడ పోయడమేమిటి?” అని ఒక ఆక్షేపణ. దీనికి సమాధానం గ్లాసు వేడిలో ఉంది. పొగలు కక్కే చాయ్‌ని పరుగెత్తుతూ తాగలేరు. కూర్చోవాలి, ఊదాలి. ఊదడమంటే ఊపిరిని నిదానంగా, పొడుగ్గా బయటికి వదలడం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నాడి ఆ పని చేస్తుంది. పెద్ద కంపెనీల్లో మేనేజర్లను చాపల మీద కూర్చోబెట్టి, ఫీజు పుచ్చుకుని నేర్పే విద్య ఇదే. షాలిబండ హోటల్లో సాసర్లో పోసుకుని ఊదుకునే ప్రతి ముసలాయనా దాన్ని రోజుకు నాలుగుసార్లు అభ్యసిస్తున్నాడు, అదీ చాయ్ ధరకే. కెఫీన్ ఒంట్లో పట్టు బిగించేందుకు మరికొంత సేపు పడుతుంది. ఆలోగా కోశాధికారి నోటి నుంచి పూర్తి వాక్యాలు రావడం మొదలైంది.

“ఇంత జరుగుతుంటే కేకలేయనివాడు అధ్యక్షుడా?” అని రెండో ఆక్షేపణ. ఇది బలమైనది. పాతబస్తీలో అరవకుండా కమిటీ నడిపినవాణ్ణి ఎవరూ చూడలేదు. దీనికి ప్రమాణం అమెరికా నుంచి తేవాలి. 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకలకు తెల్ల గది ఏదో నల్ల గది ఏదో గుర్తుపట్టడం నేర్పుతూ, తప్పు గదిలోకి పోయినదానికి కరెంటు తగిలించారు. తేడా కొట్టొచ్చినట్టు కనిపించేటప్పుడు షాక్ పెంచినకొద్దీ త్వరగానే నేర్చుకున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమయ్యేసరికి, గట్టి షాక్ తిన్నవి వెనకబడ్డాయి. మధ్యరకం షాకే పనిచేసింది. దీన్ని మన గల్లీకి అన్వయించుకోవచ్చు. బండి తాడు లాగే పదిమంది మీద అరిస్తే నష్టం లేదు, ఇంకో మూరెడు లాగుతారు. గోడెక్కి, ఏ వైరు టీవీదో, ఏది ఇంటర్నెట్‌దో, ఏది ముట్టుకుంటే ప్రాణం పోతుందో సెల్‌ఫోన్ వెలుతురులో తేల్చుకుంటున్న పిల్లవాడి మీద అరిచారనుకోండి. ఆ తర్వాత చాయ్ తాగడానికి మనుషులుంటారు గానీ తాగబుద్ధి కాదు. అధ్యక్షుడు తాడు దగ్గర రెండు కేకలు వేశాడు, నిజమే. గోడ వైపు మాత్రం ఒక గ్లాసు పైకి పంపించాడు.

తాత్పర్యము

ఓయీ కోశాధికారీ, పని అవుతుంది, కంగారు పడకు, ముందు టీ తాగు అని భావం. (ఇంతకు మించి తాత్పర్యం రాస్తే పరీక్షలో మార్కులు రావు.)

విశేషములు

ఇక్కడ పాఠకుడు మోసపోకూడదు. అధ్యక్షుడు స్థితప్రజ్ఞుడేమీ కాడు. కుర్చీ కింద ఆయన కుడికాలు ఆడుతూనే ఉంది. డప్పు లయకు ఆడిందని ఆయన పక్షం వారి వాదం. అప్పుడు డప్పే లేదు.

మరి ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? జ్యేష్ఠంలోంచి వచ్చింది. ఎండ తగ్గీ తగ్గకముందే ఆయన బండి ఎత్తుకు సరిగ్గా కోసిన వెదురుబొంగు పట్టుకుని గల్లీ పొడుగునా నడిచాడు. బొంగు తగిలిన చోటల్లా సుద్దతో గోడ మీద గుర్తు పెట్టాడు. కేబుల్ ఆపరేటర్ దగ్గర పనిచేసే పిల్లవాడి నంబరు, కరెంటాఫీసు లైన్‌మన్ నంబరు రాసుకున్నాడు. ఛత్రినాకలో రెండో జనరేటర్ ఉన్న వాడింటికి పెళ్లికి కూడా పోయివచ్చాడు. పెళ్లిభోజనం బాగాలేదని గల్లీ అంతటా చెప్పాడు గానీ పోవడమైతే పోయాడు. కాబట్టి “అయితది”కి కర్త లేకపోలేదు, ముగ్గురు కర్తలున్నారు. చాయ్ అన్నది వాళ్ళు వచ్చేదాకా కోశాధికారిని వాళ్ళ కాళ్ళకు అడ్డం పడకుండా కూర్చోబెట్టే ఉపాయం. సి.ఐ. గారికీ ఒక గ్లాసు వెళ్ళింది; పిమ్మట ఆయన గడియారం చూచుట తగ్గించెను.

కర్తలు లేని “అయితది”కి దృష్టాంతం కావాలంటే ఎంతో దూరం పోనక్కరలేదు. మరునాడు సోమవారం ఈ పేటల ఘటాలన్నీ కలిసే ఊరేగింపులో అక్కన్న మాదన్న గుడి అమ్మవారి ఘటం ఏనుగు మీద సాగి, చార్మినార్ మీదుగా నయాపూల్ చేరుతుంది. ఆ అక్కన్న మాదన్నలు మంత్రులుగా ఉన్న గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687 సెప్టెంబరులో గోల్కొండ పడిపోయిన వేళ, ఔరంగజేబు సేనానులు లోపలికి వస్తే తానీషా వాళ్ళను ఆదరంగా పలకరించి కూర్చోబెట్టాడని, భోజనం వేళ కాగానే నిశ్చింతగా భోంచేశాడని ఖాఫీ ఖాన్ చరిత్రలో రాశాడు. శత్రువులే ఆశ్చర్యపోయారట. నిబ్బరంలో ఆయనను మించిన నాయకుడు ఈ నేల మీద లేడని చెప్పడానికి సందేహం లేదు. రాజ్యం మాత్రం పోయింది, ఆయన దౌలతాబాద్ చెరలో పోయాడు. ఏడాది ముందే, 1686లో, మాదన్ననూ అక్కన్ననూ గోల్కొండ వీధిలో నరికి చంపారు. జమాఖర్చులు, కోటలు, కొలువు చూసే మనుషులు పోయారు. ద్వారం తెరిచినవాడు అబ్దుల్లా ఖాన్ పన్నీ, సొంత కొలువులోని వాడే. తానీషా ముందు భోజనపు పళ్ళెం ఉంది. గోడెక్కే పిల్లవాడు లేడు.

కర్తలున్న “అయితది”కి దృష్టాంతం ఆ 1908వ సంవత్సరందే, పైన ఎలుకలు షాక్ తిన్న ఏడాదిదే. సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనపెట్టుకుంది. నిజాం మహబూబ్ అలీ పాషా బంగారు చేటలో పసుపు కుంకుమలు, ముత్యాలు పెట్టి నదికి సమర్పించాడని, వరద తీసిందని, లాల్‌దర్వాజ బోనాలకు అదే మొదలని పాతబస్తీ చెప్పుకుంటుంది. మరుసటి ఏడు ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదకు అడ్డుగా కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. చేట ఇచ్చి ఊరుకోకుండా ఇంజనీరును పిలవడం వ్యాఖ్యాతకు నచ్చిన విషయం. చేట ఇవ్వకుండా ఇంజనీరునే పిలిచి ఉంటే ఊరు ఆ రాత్రి నిద్రపోయేదా అన్నది పండితులు తేల్చుకోవాలి.

పాఠాంతరములు

“ముందుగాల” స్థానమున “ముందట” అని ఒక ప్రతి. అర్థభేదము లేదు.

“చాయ్” స్థానంలో “ఠండా” అని యువజన విభాగం వారి ప్రతి. దీనిని ఊదనక్కరలేదు గనుక గ్రాహ్యం కాదు.

బండి పదకొండున్నరకు కదిలింది. కొన్ని ప్రతులలో సూత్రం చివర “పైసలు నువ్వే ఇయ్యి” అన్న అధిక పాఠం కనబడుతుంది. ఇది ప్రక్షిప్తమని కోశాధికారి వాదన. తాను నోరారా అన్న మాటేనని అధ్యక్షుడు. హోటల్ ఖాతా పుస్తకంలో ఆ రాత్రి పదిహేడు చాయ్‌ల పద్దు మొదట కమిటీ పేర రాసి, కొట్టేసి, కోశాధికారి పేర రాసి, దాన్నీ కొట్టేసి ఉన్నది. మూడోసారి రాసిన పేరు మీద చాయ్ ఒలికింది.