బదిలీ డ్రమ్మర్

మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మనిషిని ఫోను లేపింది. అబీ రోడ్‌లో ఉన్న ఇ.ఎం.ఐ. స్టూడియోకు రాగలవా, బీటిల్స్‌తో వాయించి చూడాలి అని అవతలి గొంతు. 1964 జూన్ 3, లండన్. ఫోనెత్తిన జిమ్మీ నికోల్‌కు 24 ఏళ్ళు. ఎవరు పిలిస్తే వాళ్ళకు డ్రమ్స్ వాయించి బతికే కుర్రాడు.

ఆ పొద్దున ఫొటోలు దిగుతూ దిగుతూ బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ కుప్పకూలాడు. గొంతులో టాన్సిల్స్ వాచాయి, జ్వరం. ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడే డెన్మార్క్‌లో కచేరీ, అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా దాకా వరుస పర్యటన. రింగో రాకపోతే నేనూ రానని బృందంలోని జార్జ్ హారిసన్ భీష్మించుకున్నాడు. మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్, నిర్మాత జార్జ్ మార్టిన్ బతిమాలి ఒప్పించారు. నికోల్ పేరు చెప్పింది మార్టినే.

ఎందుకు నికోల్? మంచి వాద్యగాడన్నది ఒక కారణం. అసలు సంగతి ఇంకోటుంది. అప్పట్లో ఇంగ్లండులో నకలు రికార్డుల వ్యాపారం జోరుగా సాగేది. హిట్టయిన పాటల్ని స్టూడియో కళాకారుల చేత అచ్చుగుద్దినట్టు వాయించి, చౌకగా అమ్మేవారు. బీటిల్స్ పాటలతో అలాంటి రికార్డొకటి వేస్తే దానికి డ్రమ్స్ వాయించింది ఈ కుర్రాడే. అంటే, పరీక్ష ఉందని తెలియకముందే పాఠం అప్పజెప్పి ఉన్నాడు.

రికార్డు విని పాట పట్టడం గాయకుడికి ఒక ఎత్తు, డ్రమ్మర్‌కు ఇంకో ఎత్తు. ఆనాటి మోనో రికార్డుల్లో గిటార్ల కింద, గొంతుల కింద డ్రమ్స్ నలిగిపోయి వినిపిస్తాయి. కాలితో వాయించే బేస్ డ్రమ్‌ను సగం వినాలి, సగం ఊహించాలి. నిదానంగా తిప్పుదామా అంటే శ్రుతి దిగజారిపోతుంది. ముందు పాటను ముక్కలుగా విడగొట్టుకోవాలి: పల్లవి ఎన్ని బార్లు (ఆవర్తాలు), చరణం ఎన్ని, ఎక్కడ గప్‌చుప్‌గా ఆగాలి, ఎక్కడ మళ్ళీ అందుకోవాలి. ఆ తర్వాతే చేతిపని. మన దగ్గర టేపురికార్డర్ల రోజుల్లో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా వాళ్ళు రివైండ్ మీట అరిగేదాకా చేసిందీ ఇదే.

రింగో దగ్గర ఇంకో చిక్కు. ఆయనది ఎడమచేతివాటం. ముందున్న డ్రమ్ములు మాత్రం కుడిచేతివాళ్ళ అమరికలో ఉంటాయి. అందుకని ఒక డ్రమ్ము మీంచి ఇంకోదాని మీదికి చేతులు దొర్లే చోట ఆయన వాయింపు అందరిలా సాఫీగా సాగదు. ఏదో చిన్న తటపటాయింపు తర్వాత సరిగ్గా చోటుకు వచ్చి పడినట్టుంటుంది. చెవికి తేలిక, చేతికి లొంగదు. రింగో మామూలు డ్రమ్మరని తీసిపారేసేవాళ్ళు ఒక్క పాట కూర్చుని వాయించి చూస్తే చాలు, నోరు మూతపడుతుంది.

స్టూడియోలో 6 పాటలు వాయించి చూశారు. చాలనుకున్నారు. మర్నాడు రాత్రికల్లా కోపెన్‌హాగన్ వేదిక మీద రింగో సూటు తొడుక్కుని, రింగో స్థానంలో, నికోల్! రింగో పాడే పాటను మాత్రం జాబితాలోంచి తీసేశారు. డ్రమ్స్‌కు బదులు మనిషి దొరికాడు గానీ గొంతుకు దొరకడుగా.

హాలండ్, హాంకాంగ్, ఆస్ట్రేలియా. అడిలైడ్ వీధుల్లో వీళ్ళను చూడడానికి 3 లక్షల మంది నిలబడ్డారంటారు. నిన్నటిదాకా పక్కవీధిలో కూడా ఎవరూ గుర్తుపట్టని మనిషికి ఆటోగ్రాఫులు, అరుపులు. ఎలా ఉంది, అలవాటవుతోందా అని బృందంలోని జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ అడుగుతుండేవారు. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: మెరుగవుతోంది. ఆ మాట వాళ్ళకు నవ్వులాటయింది.

ఆస్పత్రి మంచం మీద రింగోకేమో బెంగ. వీళ్ళకిక నేను అక్కర్లేదు కాబోలని అనిపించిందని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆ బెంగ ఎన్నాళ్ళో లేదు. జూన్ 14న మెల్‌బోర్న్‌ వచ్చి మిగతావాళ్ళతో కలిశాడు. మర్నాడు పొద్దున మిగతావాళ్ళు నిద్ర లేవకముందే నికోల్‌ను ఎప్‌స్టీన్ విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. కూలి డబ్బు, కృతజ్ఞతలు చెక్కించిన బంగారు గడియారం చేతిలో పెట్టి పంపించాడు. వీడ్కోలు చెప్పడానికి వాళ్ళను లేపడం బాగుండదని నికోల్ కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

లండన్‌కు తిరిగొచ్చాక సొంత బృందంతో రికార్డులు వేశాడు. అమ్ముడుపోలేదు. మరుసటేడు, 1965లో, దివాలా తీశాడు.

1967 వసంతంలో ఒకరోజు పాల్ మెకార్ట్‌నీ తన కుక్కను వెంటబెట్టుకుని, రచయిత హంటర్ డేవిస్‌తో కలిసి లండన్‌లో ప్రింరోజ్ హిల్ మీద నడుస్తున్నాడు. ఎండ కాసింది. పర్వాలేదు, మెరుగవుతోంది అనుకున్నాడు. వెంటనే నికోల్ గుర్తొచ్చి నవ్వుకున్నాడు. జాన్‌తో కూర్చుని ఆ మాట మీదే పాట కట్టాడు. 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బంలో వచ్చిన 'గెటింగ్ బెటర్' అదే. ప్రపంచమంతా మోగింది.

రికార్డు మీద రాసినవారి పేర్లు లెనన్, మెకార్ట్‌నీ. డ్రమ్స్ వాయించింది రింగో స్టార్.