కేసు నింపితే కేసు

తూటాకు నాలుగు భాగాలు: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. ట్రిగ్గర్ నొక్కితే ప్రైమర్ మండుతుంది, మందు పొగైపోతుంది, గుండు టార్గెట్‌లో కన్నం చేసి వెనక మట్టికట్టలో కూరుకుపోతుంది. కేసు ఒక్కటే టింగుమని షూటర్ కాళ్ల దగ్గర పడి, చల్లారి, అక్కడే ఉంటుంది. నాలుగింటిలో ఖరీదైనదీ అదే, మళ్లీ పనికొచ్చేదీ అదే. పాత ప్రైమర్ ఊడగొట్టి, ఉబ్బిన ఒంటిని అచ్చులో నొక్కి కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ బిగించి, మందు తూచి పోసి, పైన గుండు కూరిస్తే మళ్లీ తూటా. ఈ పనిని షూటర్లు రీలోడింగ్ అంటారు. దాన్ని ఇంట్లోనే చేసుకోవడానికి చట్టం ఒప్పుకోవాలంటారు.

తెలుగులో దీనికి మందు కూరడమనే చక్కని మాట ఉంది. సూరేకారం, గంధకం, బొగ్గు నూరి, మట్టి బుడ్డిలో దట్టించి, దీపావళికి వారం ముందే డాబా మీద ఎండబెట్టిన ఇళ్లు మొన్నమొన్నటి దాకా ఊరూరా ఉండేవి. కొన్ని చిచ్చుబుడ్లు పువ్వుల్లా విచ్చుకునేవి, కొన్ని తుస్సుమనేవి, ఒకటీ అరా తాతగారి మీసం కాల్చేవి. మందు అనే మాటకు మూడర్థాలున్నాయి. మొదటి రకం పంజాగుట్టలో నిమ్స్ చుట్టుపక్కల చీటీ చూపిస్తే దొరుకుతుంది. రెండో రకానికి చీటీ కూడా అక్కర్లేదు, సాయంత్రమైతే చాలు. మూడో రకం దగ్గరికి వచ్చేసరికే ప్రభుత్వానికి పౌరుడి ఆరోగ్యం గుర్తొస్తుంది.

నగరానికి ఈ పనితో పాత చుట్టరికమే ఉంది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర్లో తోప్ కా సాంచా కట్టి ఫిరంగులు పోత పోయించాడు. ఆ పేట పేరు నేటికీ గన్‌ఫౌండ్రీయే. ఇప్పుడక్కడ పోతపోసే పని లేదు, బ్యాంకు లావాదేవీలున్నాయి.

ఈ విషయాన్ని ఏలేది 1959 నాటి ఆయుధాల చట్టం. అందులో 2(1)(బి) నిర్వచనాన్ని తీరిక చేసుకుని చదవాలి. మందుగుండు అంటే తూటాలే కాదు: రాకెట్లు, బాంబులు, గ్రెనేడ్లు, టార్పెడోలకు వాడే సరంజామా, సముద్రగర్భంలో పెట్టే మైన్ల సామాను కూడా. ఆ వరుసలోనే మందుగుండు విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే అమీర్‌పేటలో రెండో అంతస్తు ఫ్లాట్‌లో టేబుల్ అంచుకు బిగించిన రీలోడింగ్ చేతిమర, చెరకురసం బండి మీది మరకన్నా చిన్నది, చట్టం లెక్కలో తానే మందుగుండు. ఒక్క రౌండూ కూరకముందే అది టార్పెడో పంక్తిలో విస్తరేసుకుని కూర్చుంది.

అయిదో సెక్షన్ ప్రకారం మందుగుండు తయారీకి వేరే లైసెన్స్ ఉండాలి. తుపాకీ ఉంచుకునే లైసెన్స్ అందుకు చెల్లదు. ఇక శిక్ష సంగతి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఖైరతాబాద్ గణపతి పెరుగుతూ, మధ్యలో కాస్త తగ్గుతూ 2019కి 61 అడుగులయ్యాడు. అదే ఏడాది డిసెంబరులో చట్టాన్ని సవరించి అక్రమ తయారీ శిక్షనూ పెంచారు. అంతకు ముందు మూడేళ్ల నుంచి ఏడేళ్లు. ఇప్పుడు ఏడేళ్లతో మొదలై యావజ్జీవం దాకా. నాటు తుపాకుల ముఠాల్ని ఉద్దేశించి పెంచిన శిక్ష అది. కానీ సెక్షన్ రాసేటప్పుడు ముఠాకీ, ముత్యాలముగ్గు పెట్టినంత ఓపిగ్గా ఒక్కో రౌండూ తూచే రిటైర్డు ఉద్యోగికీ తేడా రాయడం మరిచారు.

అన్నిటికన్నా సొగసైనది 45(డి). ఆయుధం, మందుగుండుల చిన్నచిన్న భాగాల్ని మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకుండా దగ్గర ఉంచుకుంటే ఈ చట్టం వర్తించదని అందులో ఉంది. ఖాళీ కేసుకు రింగు తగిలించి స్కూటర్ తాళంచెవికి వేలాడదీస్తే అది అలంకారం. అదే కేసు కేసి చూసి 'ఇందులో మళ్లీ మందు పోస్తే ఎంత బాగుంటుంది' అనుకుంటే తలనొప్పి మొదలు. తెలుగులో ఇత్తడి తొడుగునూ కేసే అంటాం, పోలీసులు పెట్టేదాన్నీ కేసే అంటాం. మొదటిది రెండోదిగా మారడానికి మధ్యలో కావలసింది మనసులో ఒక ఆలోచన. మనసును సోదా చేసే పరికరం మాత్రం ఇంకా రాలేదు.

అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లో కోచింగ్ సెంటర్ల కింద జిరాక్స్ షాపులకు 'కాట్రిడ్జ్ రీఫిల్లింగ్' అని బోర్డులు కట్టి ఉంటాయి. ఖాళీది తెస్తే పది నిమిషాల్లో నింపి ఇస్తారు, గుర్తింపు కార్డు అడగరు. అది ప్రింటరు సిరా సంగతి. ఆ సిరాతో ఆ వీధుల్లో అచ్చయిన దొంగ అనుభవ ధ్రువపత్రాల వల్ల ఎన్ని కంపెనీలు గాయపడ్డాయో లెక్కతీసిన ఆయుధ చట్టం లేదు.

ఇంతకీ ఈ అనుమతి ఎవరికి కావాలి? ఇక్కడ ఇంట్లో రీలోడింగ్‌కు అనుమతి కోరే ఉద్యమకారులు కాస్త గొంతు తగ్గిస్తారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో మందే ఉండదు, గాలి ఒత్తిడికి సీసపు పెల్లెట్ పోతుంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ వాడేది ఎయిర్ పిస్టల్, .22 పిస్టల్. ఈ .22 రౌండు రిమ్‌ఫైర్ జాతిది. దానికి విడిగా ప్రైమర్ ఉండదు, అంటుకునే రసాయనం కేసు అడుగంచులోనే ఉంటుంది. పిన్ను దెబ్బకు ఆ అంచు నలిగాక దాన్ని తిరిగి నింపడం ఇంటి వంటల్లో చేరదు. చట్టం రేపే మారినా వీళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఒరిగేది విడిగా ప్రైమర్ ఉండే .32 సెంటర్ ఫైర్ పిస్టల్ వాళ్లకు, పెద్ద బోరు రైఫిల్ వాళ్లకు, కొంతవరకు 12 బోరు షాట్‌గన్ వాళ్లకు. సెంటర్ ఫైర్ పిస్టల్ ఒలింపిక్స్‌లో లేదు. 300 మీటర్ల రైఫిల్ 1972 తర్వాత అక్కడినుంచి వెళ్లిపోయింది. మిగిలింది షాట్‌గన్. అదే హాంగ్‌ఝౌలో ట్రాప్ జట్టు స్వర్ణంతో పాటు వ్యక్తిగత కాంస్యం కూడా తెచ్చిన కైనన్ చెనాయ్ హైదరాబాదీయే. ట్రాప్ పోటీలో 125 మట్టి పళ్లేలు గాల్లోకి లేస్తాయి, ఒక్కోదాని మీద రెండు సార్లు కాల్చవచ్చు. అంటే ఒక్క పోటీకే 250 రౌండ్ల దాకా అవుతాయి. సాధన ఖర్చు ఎంతో ఊహించుకోవచ్చు. పోనీ ఇంట్లో కూరుకుంటే డబ్బు మిగులుతుందా అంటే, మందు కూరడం రుచి మరిగినవాళ్లు మిగిలిన డబ్బుతో రెట్టింపు రౌండ్లు కాలుస్తారని ఆ విద్య ఉన్న దేశాల అనుభవం. పచ్చడి ఇంట్లో పెడితే చవకని మొదలుపెట్టి మూడు జాడీలు కొన్నట్టు.

ప్రస్తుతం దారులు రెండే. స్వదేశీ సరుకు కావాలంటే ఎక్కువగా పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీది. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశాక అది మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది. విదేశీదైతే బ్రిటన్ ఈలీ, ఫిన్లాండ్ లాపువా, జర్మనీ ఆర్‌డబ్ల్యూఎస్. అవి జాతీయ రైఫిల్ సంఘం ద్వారా దిగుమతై, వాటాలుగా పంచుకుంటూ వస్తాయి. రౌండు రౌండుకూ బరువులో, మందులో తేడా ఉంటే గురి తప్పుతుంది. తన తుపాకీకి నప్పే రౌండు తానే చేసుకోవాలని షూటర్ కోరేది డబ్బుకన్నా ఇందుకే. మందును తూచేది గ్రెయిన్లలో. రెండు గ్రెయిన్లు దాదాపు ఒక గురివింద గింజ ఎత్తు. పంజాగుట్ట నగల దుకాణాల్లో బంగారాన్ని తూచేటంత నిష్ఠతో తూస్తే తప్ప కుదిరే పని కాదు.

ప్రభుత్వం షూటర్లను నమ్మడం లేదని చెప్పడానికీ వీల్లేదు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ .22 రౌండ్ల పరిమితిని 1,000 నుంచి 5,000కూ, షాట్‌గన్ రౌండ్లను 500 నుంచి 5,000కూ పెంచింది. పేరున్న షూటర్లు 12 తుపాకుల దాకా ఉంచుకోవచ్చంది. మనిషి ఆరోగ్యం, మనఃస్థితి డాక్టరు చేత రాయించుకుని, పోలీసు విచారణ జరిపించి, నగరంలోనైతే కమిషనర్ సంతకంతో లైసెన్స్ ఇస్తారు. అంత వడపోసిన మనిషి బీరువాలో 5,000 నిండు రౌండ్లుంటే దేశానికి ప్రమాదం లేదు. ఒక్క ఖాళీ కేసు నింపితే ఉంది.

పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకీని ఇదే చట్టం 13వ సెక్షన్‌లో పేరుపెట్టి ఒప్పుకుంటుంది. అడవిపందుల్ని తోలడానికి రైతు గొట్టంలో మందు పోసి, గుడ్డ కుక్కి, కడ్డీతో దట్టించి, గుండు వేసి పేలుస్తాడు. ప్రతిసారీ రీలోడింగే. తూకం లేదు, కొలత లేదు, చెయ్యే కొలత. తుపాకీ గొట్టంలో కూరితే వ్యవసాయం, ఇత్తడి కేసులో కూరితే నేరం.

పోలీసుల వాదన కూడా తీసిపారేసేది కాదు. కొన్న ప్రతి రౌండుకూ దుకాణం రిజిస్టరులో, లైసెన్స్ పుస్తకంలో లెక్క ఉంటుంది. ఇంట్లో కూరినదానికి బిల్లు ఉండదు. పరధ్యానంలో ఒకే కేసులో రెండు సార్లు మందు పోస్తే తుపాకీ షూటర్ చేతిలోనే చీలిపోవచ్చు. మందు డబ్బాల పక్కింట్లో కాపురముండటం ఎవరికీ సరదా కాదు. దీనికి ఉద్యమకారుల జవాబు, ఆ పక్కింటి వంటగదిలో 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ ఉందికదా అని. జవాబు చమత్కారంగానే ఉంది గాని, సిలిండర్ ఎన్నికల వేళ చేతులు మారే సరుకు కాదు.

ఇతర దేశాలు ఈ ముడిని తలా ఒక విధంగా విప్పుకున్నాయి. అమెరికాలో సొంత వాడకానికి కూరుకుంటే కేంద్ర లైసెన్సే అక్కర్లేదు. బ్రిటన్‌లో తుపాకీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కూరుకుంటారు. జర్మనీలో ముందు శిక్షణ, తర్వాత పరీక్ష, ఆపైన పేలుడు పదార్థాల చట్టం 27వ సెక్షన్ కింద అనుమతి పత్రం. మనకు నప్పేది జర్మనీ పద్ధతి. కోచింగ్, పరీక్ష, సర్టిఫికెట్ అనే మూడు మాటలు వినబడితే అమీర్‌పేటలో మర్నాడే ఫ్లెక్సీ లేస్తుంది: '45 రోజుల్లో రీలోడింగ్, డెమో క్లాసు ఉచితం'.

ఇందుకు పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. 41వ సెక్షన్ కింద ప్రజాప్రయోజనం ఉందనుకుంటే కేంద్రం ఒక వర్గానికి నోటిఫికేషన్‌తో మినహాయింపు ఇవ్వవచ్చు. రేంజిలోనే, సంఘం పర్యవేక్షణలో, కూరిన రౌండ్లు లెక్క రాసుకుని అక్కడే కాల్చేట్టు షరతు పెడితే పోలీసుల లెక్కకూ భంగం ఉండదు. ఆ నోటిఫికేషన్ వచ్చేదాకా అమీర్‌పేటలో కాట్రిడ్జ్ నింపించుకోదలచినవాళ్లు బ్లాకా, కలరా అన్నది ముందే చెప్పాలి.