నిలిచిన రథం, పరుగెత్తే సారథి

ఆస్తిని చరాస్తి, స్థిరాస్తి అని రెండుగా విడదీసిన న్యాయశాస్త్రకారులు, బ్రిటన్‌లో పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఉంచుకొని, దానిని కొండదారుల వెంట తిప్పుతూ ఫొటోలు తీసే పెద్దమనిషిని దృష్టిలో పెట్టుకోలేదన్నది స్పష్టం. కాగితాల ప్రకారం అతని కారు చరాస్తే అయినా, అతడు తీసిన ఏ ఫొటోలోనూ అది కదలదు. సరస్సు ఒడ్డునో, కూలిన కోట ముందో, కనుమ మలుపులోనో ఉత్సవ విగ్రహంలా కొలువుదీరి ఉంటుంది. చుట్టూ ప్రదక్షిణలు చేసేవాడు యజమాని. నాలుగు చక్రాలున్నది నిలబడి, రెండు కాళ్ళున్నవాడు పరుగెత్తే ఈ ఏర్పాటునే అతడు యాత్ర అని వ్యవహరిస్తాడు.

ఈ జాతిలో ట్రయంఫ్, ఆస్టిన్-హీలీ, లోటస్ వంటి అనేక శాఖలున్నప్పటికీ, లక్షణ నిరూపణకు ఎంజీబీ యజమానిని స్వీకరించడం ఉచితం, ఎందుకంటే సంఖ్యాబలం అతనిది. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్, అనగా ఆక్స్‌ఫర్డ్‌లో మోరిస్ కార్లను అమ్ముతూ, బాగుచేస్తూ వచ్చిన సంస్థ. దాని పేరు మీద 1962 నుంచి 1980 వరకు అబింగ్డన్ కర్మాగారంలో తయారైన ఎంజీబీల సంఖ్య 5 లక్షలకు పైమాటే. వాటిలో అసలైనదిగా యజమానులు ఎంచేది రెండు సీట్లతో, వెనక్కి మడిచే గుడ్డ కప్పుతో, 1798 సీసీ ఇంజనుతో నేలకు జానెడు ఎత్తున పరుగెత్తే రకం. ఆ ఇంజను వంశం తెలుగు పాఠకునికి పరాయిది కాదు. అంబాసిడర్ కారులో దశాబ్దాల పాటు పనిచేసిన 1489 సీసీ పెట్రోలు ఇంజను కూడా ఇదే బి-సిరీస్ కుటుంబానికి చెందినది కనుక, ఒకప్పుడు తొమ్మిదిమంది బంధువులతో, ఒళ్ళో పెట్టుకున్న లడ్డూల బుట్టతో అంబాసిడర్‌లో పెళ్ళికి తరలివెళ్ళినవారందరూ ఈ స్పోర్ట్స్ కారుకు దాయాది గొంతును ఏనాడో విన్నారు. నేడు హైదరాబాదు రోడ్ల మీద కనిపించే ఎంజీ బిళ్ళ వేరే కథ. చైనా సంస్థ చేతికి వెళ్ళిన ఆ పేరును గుజరాత్‌లోని హాలోల్‌లో తయారయ్యే బండ్లకు తగిలిస్తున్నారు. ఈ ప్రస్తావన తెచ్చినవారితో ఎంజీబీ యజమాని, తాతల ఇంటిపేరును ఎవరో వేలంలో పాడుకుపోయిన వారసునిలా, కొంతసేపు మాట్లాడడు.

సాధారణ కారు ప్రేమికుని నుంచి ఇతనిని వేరుచేసే లక్షణం మరొకటుంది: కొత్తగా మెరిసే పాత కారంటే అతనికి చిన్నచూపు. నట్టు నట్టూ విప్పి, రంగంతా గీకి, కర్మాగారం గడప దాటిన నాటి రూపానికి తెచ్చి, ఆపైన ట్రెయిలర్ మీద ఎక్కించి ప్రదర్శనలకు మోసుకుపోయేవారిని అతడు బొమ్మల కొలువు పెట్టేవారి తరగతిలో వేస్తాడు. తన బండి 'వాడిన' బండి. వాడుక వల్ల వస్తువుకు అబ్బే ఛాయకు ఆ వర్గంలో 'పటీనా' అని పేరు. రాగి, కంచు వస్తువుల మీద కాలక్రమాన పట్టే పచ్చని చిలుముకు వాడిన ఈ మాట తర్వాత పాత బల్లల నునుపుకూ, తోలు సీట్ల పగుళ్ళకూ, ఎండకు వెలిసిన రంగుకూ పాకింది. చిలుము పట్టిన బిందె కంటబడితే చింతపండు పెట్టి తోమి, తళతళలాడించి, ఎండలో బోర్లించనిదే తెలుగు ఇల్లాలికి నిద్ర పట్టదు. అదే చిలుముకు అక్కడ అదనపు ధర పలుకుతుంది. ఏ నాగరికత గొప్పదన్న చర్చలోకి ఇక్కడ దిగనక్కరలేదు గాని, చింతపండు ఇక్కడ చవక అన్న విషయం గమనించదగినది.

అయితే వాడుకకు గుర్తులైన ఆ గీతలను వాడుక బారిన పడకుండా కాపాడటమే అతని నిత్యకృత్యం కావడంలో ఈ వ్యక్తిత్వపు ముడి అంతా ఉంది. గీతలలో అతడు ప్రభుత్వ కార్యాలయాలలో పాటించే సీనియారిటీ వంటి క్రమాన్ని పాటిస్తాడు. 1970లలో మొదటి యజమాని గేటుకు రాసుకొన్న గీత చరిత్ర. 1990లలో పడిన నొక్కు జ్ఞాపకం. క్రిందటి వారం సూపర్‌మార్కెట్ ముందు ఎవరో తోపుడు బండి తగిలించగా పడినది మాత్రం దౌర్జన్యం. తుప్పులోనూ ఇదే వివేచన కనిపిస్తుంది. ముందు మడ్‌గార్డు అంచున పొక్కిన తుప్పును అతడు దగ్గరగా, మూడు కోణాలలో ఫొటో తీస్తాడు. తలుపుల కింద బండి పొడవునా సాగే పెట్టె వంటి ఇనుప దూలం, అనగా 'సిల్', జోలికి మాత్రం వెళ్ళడు. ఎంజీబీకి విడిగా చట్రం లేక, ఒంటి బలమంతా ఆ దూలాలలోనే ఉన్నందువల్ల, అక్కడి తుప్పు పటీనా కాదు, క్షయవ్యాధి. పరీక్ష చేయించుకోని రోగం లేనట్లే అన్న మన పెద్దల ధోరణి ఈ విషయంలో అతనికి పూర్తిగా వంటబట్టింది. చట్టం కూడా అతనికి అండగా నిలిచింది: పెద్ద మార్పులు చేయని కారు 40 ఏళ్ళు దాటితే రోడ్డు పన్ను మినహాయింపు పొందడమే గాక, 2018 మే నుంచి ఎంఓటీ అనే ఏటేటి యోగ్యతా పరీక్ష నుంచి కూడా విముక్తమైంది. మనిషికి 60 ఏళ్ళకు గాని దక్కని గౌరవాలు ఆ దేశంలో కారుకు 40కే దక్కుతున్నాయి.

1974 చివరలో అమెరికా నిబంధనలకు లోబడి ఎంజీబీకి మెరిసే క్రోమియం బంపరు తీసి నల్లని రబ్బరు ముక్కు పెట్టి, బండి ఎత్తు పెంచినప్పటి నుంచి యజమానులు క్రోమియంవారు, రబ్బరువారు అని చీలిపోయారు. ఈ రెండు శాఖల మధ్య వాదాలు శైవ వైష్ణవ కలహాలకు తీసిపోవు. రబ్బరు ముక్కును ఊడదీసి క్రోమియం తొడిగే ప్రాయశ్చిత్త కర్మ కూడా ఆచారంలో ఉంది.

యాత్రా స్థలాన్ని ఎంచుకోవడంలో అతనిది అచ్చంగా ఆలంకారికుల పద్ధతి. రసశాస్త్రంలో ఎవరిని ఆశ్రయించి భావం పుడుతుందో ఆ వ్యక్తిని ఆలంబన విభావమనీ, ఆ భావాన్ని రగిలించే వెన్నెల, చల్లగాలి, ఉద్యానవనం వంటి పరిసరాన్ని ఉద్దీపన విభావమనీ అంటారు. అతనికి కారు ఆలంబనం, స్కాట్లండు ఉద్దీపనం. ఇన్వర్నెస్‌లో మొదలై ఉత్తర తీరాన్ని చుట్టి మళ్ళీ అక్కడికే చేరే 516 మైళ్ళ దారి 2015లో 'నార్త్ కోస్ట్ 500' అన్న పేరుతో ప్రచారంలోకి వచ్చిన తర్వాత ఉద్దీపనాలన్నీ ఒక్క వరుసలో అమరాయి. సముద్రపు పాయ మీద వంపు తిరిగిన కైలెస్కూ వంతెన 1984లో పడవరేవుకు బదులుగా కట్టినదన్న సంగతి అతనికి పట్టదు. ఆ వంపు తన మడ్‌గార్డు వంపుకు సరిజోడు కావడమే పడుతుంది. లాఖ్ అసింట్ ఒడ్డున శిథిలమైన ఆర్డ్‌వ్రెక్ కోట ఎవరిదన్నదీ అతడు అడగడు, దాని రాళ్ళ రంగు తన బండి పచ్చదనానికి నప్పుతుందా అన్నదే అడుగుతాడు. ఈ దారిలో లేకపోయినా, దక్షిణాన ఉన్న గ్లెన్ ఎటివ్ లోయకు మాత్రం చుట్టుదారి పట్టి వెళ్ళక తప్పదు. 2012 నాటి 'స్కైఫాల్' చిత్రంలో జేమ్స్ బాండ్ తన ఆస్టన్ మార్టిన్ డీబీ5 పక్కన నిలబడి మంచు కొండలను చూసినది ఆ దారి మీదనే. అక్కడ అతడు కారు తలుపుకు ఆనుకొని, చేతులు జేబుల్లో పెట్టుకొని, దూరాన్ని చూస్తూ నిలబడతాడు. ఆ చూపులోని గాంభీర్యంలో సగం, పది సెకన్ల టైమరు ఇంకా ఎంత మిగిలిందో లెక్కపెట్టడం వల్ల వచ్చినదే.

యాత్రకు శిఖరం యాపిల్‌క్రాస్‌కు దారితీసే బ్యాలఖ్ న బా. గేలిక్ భాషలో పశువుల కనుమ అని దీని అర్థం. సముద్రమట్టం దాదాపు పక్కనే ఉండగా మొదలై 626 మీటర్ల దాకా, ఒక్క బండి మాత్రమే పట్టే వెడల్పుతో, కొక్కెం వంటి మలుపులతో ఎక్కుతుంది. కొత్తగా నేర్చుకొనే డ్రైవర్లకూ, పెద్ద వాహనాలకూ, కారవాన్‌లకూ ఇది తగదని కింద బోర్డు పెట్టి హెచ్చరిస్తారు. పాత కార్ల పేరు ఆ బోర్డులో లేకపోవడాన్ని అతడు ఆహ్వానంగా భావిస్తాడు. ఇటువంటి ఒంటిదారులలో ఎదురుబండికి తప్పుకోవడానికి అక్కడక్కడ రోడ్డును కాస్త వెడల్పు చేసి 'పాసింగ్ ప్లేస్' అని పలక నిలుపుతారు. అక్కడ బండి నిలిపి ఉంచరాదన్నది నియమం, రెండు నిమిషాలే గదా అన్నది అతని భాష్యం. మలుపు బాగున్న పాసింగ్ ప్లేసులో బండిని ఏటవాలుగా నిలిపి, ముందు చక్రాలను సగం తిప్పుతాడు, ఎందుకంటే తీగల చక్రం ముఖం కెమెరా వైపు ఉంటేనే బండి ఎక్కడికో బయలుదేరుతున్నట్లు అనిపిస్తుంది. ఆపైన ముందు భాగమూ పక్క భాగమూ కలిసి కనపడే 'ముప్పావు కోణం' కోసం తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడి, నీటి మీదా అద్దం మీదా పడే మెరుపును తగ్గించే పోలరైజర్ అనే గాజుబిళ్ళను వేళ్ళతో తిప్పుతూ, ఒక మేఘం తొలగేదాకా నిరీక్షిస్తాడు. ఇంతలో పైనుంచి నాలుగు, కింది నుంచి ఆరు వాహనాలు చేరి, వాటి మధ్య ఒక గొర్రెల మంద కూడా చిక్కుకుంటుంది. ఇంజను ఆరిన చోట ఒక చమురు చుక్క నేలను తాకుతుంది; ఆ చుక్క ఫొటోలో పడకుండా బండిని రెండడుగులు జరిపితే, జరిగిన చోట మరొకటి పడుతుంది.

ఛాయాగ్రాహకులు సూర్యాస్తమయానికి ముందరి గంటను, ఏటవాలు వెలుగులో వస్తువులన్నీ బంగారు పూత పూసుకొనడం వల్ల, 'గోల్డెన్ అవర్' అంటారు. ఉత్తర స్కాట్లండులో జూన్ నెలలో సూర్యుడు రాత్రి 10 దాటితే గాని అస్తమించడు కనుక, భోజనశాలలు వంట కట్టిపెట్టే వేళకు ఈ గంట మొదలవుతుంది. గాలి స్తంభించిన ఆ సాయంత్రాలే 'మిడ్జ్' అనే నలుసంత కుట్టు పురుగులకు కూడా ఇష్టమైన వేళ. అవి మేఘాలుగా వస్తాయి. సౌందర్యోపాసన ఒక చేత్తో, వీపు గోక్కోవడం మరొక చేత్తో సాగడం వల్ల, ఆ గంటలో తీసిన ఫొటోలలో క్షితిజరేఖ తరచుగా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

కారును అతడు స్త్రీలింగంలో ప్రస్తావిస్తాడు కనుక నాయికా లక్షణాలు కూడా పరిశీలించవలసి ఉంటుంది. ఉదయమే స్పాంజీతో ఒళ్ళు తుడిపించుకొని, కింది భాగాన కొంత బురదను మాత్రం అలంకారంగా మిగిల్చుకొని సరస్సు వద్ద నిలిచినది వాసకసజ్జిక, అంటే ముస్తాబై ప్రియుని రాకకు ఎదురుచూసే నాయిక. యజమాని బసలో వెచ్చగా పడుకొని, తనను రాత్రంతా వానలో విడిచినందుకు, చలివేళ ఇంజనుకు పెట్రోలు పాలు పెంచే చోక్ ఎంత లాగినా తెల్లవారి పలకనిది ఖండిత, అంటే రాత్రి వేరొక చోట గడిపిన ప్రియునిపై అలిగే నాయిక. ఈ అలుక తీర్చే సామగ్రితోనే డిక్కీ నిండిపోతుంది: రాగి సుత్తి, ఫ్యూజులు, ఫ్యాను బెల్టు, డబ్బా చమురు, మరొక డిస్ట్రిబ్యూటర్ మూత. దుస్తుల సంచి భార్య ఒళ్ళో ఉంటుంది.

ఈ సందర్భంలో మనుచరిత్రలోని ప్రవరుడు గుర్తుకు రాక మానడు. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకొని హిమాలయం చేరి, మంచుకు ఆ పసరు కరిగిపోగా ఇంటిదారి తెలియక చిక్కుకొన్న ఆ బ్రాహ్మణునిదీ ఇతనిదీ ఒకే కష్టం: కొండ మీద తేమ చేరి, ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ చెమర్చితే రథం ఆగిపోతుంది. పాత బ్రిటిష్ కార్లకు విద్యుత్ పరికరాలు అందించిన సంస్థ స్థాపకుడు జోసెఫ్ లూకస్‌కు యజమానులు పెట్టుకొన్న 'చీకటి రాజు' అన్న బిరుదు ఇటువంటి ఘడియలలోనే సార్థకమవుతుంది. తేడా ఏమంటే, ప్రవరునికి అందగత్తె వరూధిని ఎదురైంది. ఇతనికి, తన తండ్రికీ ఇలాంటి బండే ఉండేదని చెప్పే మరొక పెద్దమనిషి ఎదురవుతాడు. బానెట్ ఎత్తి ఉన్న ఆ ముప్పావు గంటకు ఫొటోలు ఉండవు.

ఇక బండి కదులుతుండగా ఫొటో ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం సాంకేతికమైనది కాదు. 'ప్యానింగ్' అనే పద్ధతి అతనికి కంఠతా వచ్చు: షట్టరును సెకనులో ముప్పయ్యో వంతో అరవయ్యో వంతో తెరిచి ఉంచి, సాగిపోయే బండితో పాటు కెమెరాను తిప్పితే, బండి స్పష్టంగా నిలిచి, వెనుక కొండలు చారలుగా అలుక్కుపోతాయి. కాని అందుకు స్టీరింగు మరొకరి చేతికి ఇవ్వాలి. ముప్పయ్యేళ్ళ దాంపత్యంలో ఇల్లు, బ్యాంకు ఖాతా, అవసరమైతే ఒక మూత్రపిండం కూడా భార్యకు ఇవ్వడానికి వెనుకాడని మనిషి, ఆ ఒక్కటీ ఇవ్వలేకపోతాడు. ఎన్నో ఏళ్ళకు ఒకసారి, వెలుగు మరీ బాగుండి, మనసు మెత్తబడి, క్లచ్ గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చిన మీదట ఇస్తాడు. ఆమె కనుమ దిగి, కింద వెనుదిరిగి, గేరు మార్చి, జుట్టు గాలికి వదిలి, ఉపన్యాసంలో చెప్పిన వేగానికి రెట్టింపు వేగంతో అతని ముందు నుంచి దూసుకుపోతుంది. మళ్ళీ వెనుదిరగవలసిన చోటు దాటిపోయినా ఆగక యాపిల్‌క్రాస్ వైపు సాగిపోయి, అక్కడి సత్రంలో అతడు నడిచి వచ్చేదాకా చేపల వేపుడు తింటూ కూర్చుంటుంది. ఆ రాత్రి చూసుకుంటే ఒకే ఒక్క ఫొటో వచ్చి ఉంటుంది. కొండలు చారలు, రోడ్డు చార, బండి కూడా సగం చారే. నడిమధ్యన, పకపకా నవ్వుతున్న ఆమె ముఖం మాత్రం పళ్ళు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంటుంది. ముందున్న ఎంజీ బిళ్ళ మసకబారినందువల్ల అతడు దానిని పనికిరాని వాటిలోకి తోసివేసి, మరునాడు సరస్సు ఒడ్డున మేఘం తొలగేదాకా ఆమెను గొడుగు పట్టుకోమంటాడు.